పిల్లల పళ్ళు, ఇంటి పరిస్థితులు: పొదిలి, కనిగిరి, ఉదయగిరి వైపు వాళ్ళు మీ అనుభవం చెప్పండి

టీచరమ్మ_పొదిలి

అందరికీ నమస్కారం. నేను పొదిలి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా బడిలో బాగా చదివే పిల్లలు కొందరు పాఠం పైకి చదవమంటే లేచి నిలబడి తల దించుకుంటారు. నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం వస్తుంది. పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు. ఇంకొందరికి వెనక దంతాలు పుచ్చి గుంటలు పడ్డాయి. మధ్యాహ్నం ఇచ్చే పల్లీ చిక్కీ నమల్లేక జేబులో వేసుకుని పోతారు. దవడ వాచి బడి మానేసేవాళ్ళు కూడా ఉన్నారు.

పళ్ళు సరిగ్గా తోముకోండి అని చెప్పడం తేలిక. కానీ వాళ్ళ ఇళ్ళు చూస్తే ఆ మాట చెప్పడానికి నోరు రాదు. చాలామంది తల్లిదండ్రులు బెంగళూరులోనో హైదరాబాదులోనో బిల్డింగు పనుల్లో ఉంటారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర. అవ్వకు చూపు సరిగ్గా ఆనదు, తాత పొద్దున్నే గొర్రెలు తోలుకుని పోతాడు. ఈ పిల్ల పళ్ళు తోముకుందా లేదా అని చూసేదెవరు? పైగా దూరంగా ఉన్న అమ్మానాన్న ప్రేమకొద్దీ ఫోన్లో డబ్బులు పంపిస్తారు, ఆ డబ్బుల్లోంచి అవ్వ రోజూ పదో ఇరవయ్యో చేతిలో పెడుతుంది. అది నేరుగా బంకు కొట్టుకు పోతుంది. క్రీమ్ బిస్కెట్లు, లాలీపాప్‌లు, రంగు నీళ్ళు.

నేను అడగాలనుకున్నది ఇది. పిల్లల నోటి ఆరోగ్యం పాడవడంలో వాళ్ళ అలవాట్ల వాటా ఎంత, ఇంటి పరిస్థితుల వాటా ఎంత? బడి తరఫున మేం చేయగలిగింది ఏమైనా ఉందా? డాక్టర్లు, పెద్దలు, ఇలాంటి ఇళ్ళలో పెరిగిన వాళ్ళు అందరూ చెప్పండి.

మోపాడు_కుర్రాడు

టీచర్ గారూ, ఆ తల దించుకునే పిల్లల్లో నేనూ ఒకడిని. మాది పామూరు వైపు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం.

మా ఊళ్ళో చేతిపంపు నీళ్ళే తాగి పెరిగాం. పై పళ్ళు రెండూ గోధుమ రంగులో చారలు. మా వీధిలో అందరికీ అలాగే ఉండేవి కాబట్టి పదో తరగతి దాకా అదొక లోపమని కూడా తెలీదు. ఒంగోలు కాలేజీకి వచ్చాకే మొదలైంది. హాస్టల్లో మొదటివారమే ఒకడు "కిళ్ళీ వేస్తావా, ఖైనీనా?" అని అడిగాడు. ఆ తర్వాత గ్రూప్ ఫొటోల్లో వెనక వరుసలో నిలబడటం అలవాటైపోయింది. ఇంటర్వ్యూకు పోతే సమాధానం తెలిసినా క్లుప్తంగా చెప్పేవాణ్ణి, పెదవులు ఎక్కువ తెరవకుండా. ఆ టెన్షన్ బయటివాళ్ళకు అర్థం కాదు.

మా అక్క పరిస్థితి ఇంకా ఘోరం. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఎదురుగా ఏమీ అనరు. రెండు రోజుల తర్వాత "జాతకాలు కుదరలేదు" అని మధ్యవర్తితో కబురు పెడతారు. మూడో సంబంధం కూడా అలాగే పోయాక మా నాయన కట్నం పెంచాడు. అంటే నీళ్ళ వల్ల వచ్చిన మచ్చకు మేం పొలం అమ్మి వెల కట్టాం. ఇది పళ్ళ సమస్య అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా కుటుంబం అప్పు సమస్య అది.

సింహపురి_పళ్ళడాక్టర్

నెల్లూరులో ప్రాక్టీసు చేస్తున్నాను. ముందుగా ఒక విషయం విడదీసి చెప్పాలి, ఎందుకంటే జనం రెండూ కలిపేస్తారు.

మోపాడు తమ్ముడు చెప్పింది ఫ్లోరోసిస్. పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడు, అంటే పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ దాకా, నీళ్ళలోనూ తిండిలోనూ ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువగా వెళితే పంటి పైపొర సరిగ్గా గట్టిపడదు. సుద్దలా తెల్లటి మచ్చలు వస్తాయి, తర్వాత అవి గోధుమ రంగుకు తిరుగుతాయి, ముదిరితే గుంటలు పడతాయి. ఇది తోముకోకపోవడం వల్ల వచ్చేది కాదు, ఎంత తోమినా పోయేదీ కాదు. ఎనిమిదేళ్ళు దాటాక ఆ ఊరికి వచ్చినవాళ్ళకు పళ్ళ మీద మచ్చలు రావు. అందుకే ఒకే ఇంట్లో అత్తగారి పళ్ళు మచ్చలుగా, వేరే ఊరి నుంచి వచ్చిన కోడలి పళ్ళు తెల్లగా ఉంటాయి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అని మన దేశ ప్రమాణం. కనిగిరి, పొదిలి, మనవైపు ఉదయగిరి చుట్టుపక్కల చాలా బోర్లలో అంతకు మించి ఉంటుంది.

ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొట్టమొదట వైద్య పత్రికలో రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసి. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. కేంద్ర ప్రభుత్వం 2008-09లో ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు కూడా తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది. తెలిసి ఇంతకాలమైనా ఆరేళ్ళ పిల్లలు ఇంకా అవే మచ్చలతో నా దగ్గరికి వస్తుంటే బాధగా ఉంటుంది.

రెండోది పుచ్చు. దీనికి కారణం తీపి. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది. ఎంత తీపి తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. తిన్న ప్రతిసారీ ఓ ఇరవై ముప్పై నిమిషాలు ఆమ్లం పనిచేస్తుంది, తర్వాత లాలాజలం మరమ్మతు చేసుకుంటూ వస్తుంది. రోజంతా జేబులోంచి చాక్లెట్ తీసి చప్పరించే పిల్లవాడి నోటికి ఆ మరమ్మతు సమయమే దొరకదు. పండక్కి ఒక్కసారి నాలుగు అరిసెలు తిన్న పిల్లవాడి పరిస్థితి అంతకన్నా మెరుగు.

టీచర్ గారు అడిగిన వాటా లెక్క గురించి. నీళ్ళు ఊరివి. తీపి చేతికిచ్చేది ఇల్లు. డాక్టరు దగ్గరికి తీసుకువచ్చేదీ ఇల్లే. పిల్లవాడి చేతిలో ఉన్నది బ్రష్ ఒక్కటే, అదీ ఎవరైనా కొనిస్తే.

ఒంగోలు_పెద్దాయన

అందరూ పరిస్థితులు, పరిస్థితులు అంటున్నారు. మా చిన్నప్పుడు ఏముంది? వేప పుల్ల, కానుగ పుల్ల, లేకపోతే బొగ్గు, ఉప్పు. నాకు డెబ్బయి వచ్చేదాకా రెండు పళ్ళే ఊడాయి. మా అమ్మకు అక్షరం ముక్క రాదు, ఆరుగురు పిల్లలం, అయినా పొద్దున్నే నోరు కడగనిదే మంచినీళ్ళు కూడా ఇచ్చేది కాదు. ఇప్పుడు క్రమశిక్షణ పోయింది. అది ఒప్పుకోకుండా ప్రభుత్వాన్నీ నీళ్ళనూ అంటే లాభం లేదు.

మోపాడు_కుర్రాడు

పెద్దాయనా, మీరంటే గౌరవమే. మా తాత కూడా జీవితాంతం వేప పుల్లే వాడాడు. ఆయన పళ్ళూ గోధుమ రంగే, చివరికి నడుం వంగిపోయి కర్ర లేకుండా నడవలేకపోయాడు. మీరు పెరిగిన ఊరు ఏది? ఒంగోలు తూర్పు వైపు అయితే మీకు దొరికిన నీళ్ళు వేరు, మాకు దొరికినవి వేరు. క్రమశిక్షణ రెండు చోట్లా ఉంది.

ఒంగోలు_పెద్దాయన

మాది కొత్తపట్నం వైపు. నీళ్ళ సంగతి నువ్వు చెప్పింది నిజమే అబ్బయ్యా. పుచ్చుపళ్ళ సంగతి మాత్రం నేను వదలను. మా కాలంలో వీధికి నాలుగు బంకు కొట్లు లేవు.

కోవూరు_కోడలు

పిల్లల గురించే మాట్లాడుతున్నారు, ఆడవాళ్ళ పళ్ళ గురించి ఎవరూ అడగరు కాబట్టి నేను చెబుతాను.

మాది ఉమ్మడి కుటుంబం, తొమ్మిదిమందిమి. మా ఇంట్లో మగవాళ్ళకు పన్ను నొప్పి వస్తే రూట్ కెనాల్, ఆడవాళ్ళకు వస్తే పీకించడం. ఇది ఎవరూ నోటితో చెప్పిన నియమం కాదు, అలా జరిగిపోతుంది. రూట్ కెనాల్‌కు క్యాప్‌తో కలిపి ఐదారు వేలు, నాలుగైదు సార్లు తిరగాలి. ఆయన బైకు మీద పోయి చేయించుకొస్తాడు. నేను పోవాలంటే వంట ఎవరు చేస్తారు, పిల్లను ఎవరు చూస్తారు, తోడు ఎవరు వస్తారు? ఇన్ని ప్రశ్నలకు జవాబు దొరికేలోపు లవంగం పెట్టుకుని, మందుల షాపులో మాత్ర తెచ్చుకుని నెట్టుకొస్తాం. చివరికి పన్ను నిలబెట్టే స్థితి దాటిపోతుంది. పీకడానికి ఒక్కసారి పోతే చాలు.

ఎడమవైపు మూడు దంతాలు పోయాయి నాకు. ముప్పై నాలుగేళ్ళు. వేరుశెనగలు నమల్లేను, మాంసం నమల్లేను, మెత్తటివే తింటాను. అందరూ తిన్నాక చివర్లో తినే కోడలు ఏం తిన్నదో, ఎంతసేపు నమిలిందో ఎవరికి తెలుస్తుంది?

కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు వాచి రక్తం వచ్చేది. "బిడ్డ పుట్టేదాకా పంటిని ముట్టుకోకూడదు, కళ్ళకు వస్తుంది" అన్నారు. డాక్టర్ గారూ, అది నిజమా?

సింహపురి_పళ్ళడాక్టర్

నిజం కాదమ్మా. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల మార్పు వల్ల చిగుళ్ళు త్వరగా వాస్తాయి, రక్తం కారుతుంది. సరిగ్గా అప్పుడే శుభ్రం చేయించుకోవడం అవసరం. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పంటి వైద్యానికి అనువైన సమయం. భరించలేని నొప్పి, చీము ఉంటే ఏ నెలలోనైనా చూపించుకోవాలి, ఆగకూడదు. కడుపుతో ఉన్నట్టు డాక్టరుకు ముందే చెబితే ఎక్స్‌రే, మందులు చూసుకుని ఇస్తారు. పై పన్ను పీకితే చూపు పోతుందన్నది, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయన్నది కూడా అపోహలే. గార, అంటే గట్టిపడిన పాచి, పేరుకుపోయి చిగురు ఎప్పుడో వదులైపోయి ఉంటుంది. ఆ గార తీసేసరికి అప్పటిదాకా కనిపించని కదలిక బయటపడుతుంది.

మీరు చెప్పిన మగవాళ్ళకు రూట్ కెనాల్, ఆడవాళ్ళకు పీకుడు అన్న తేడా నేను రోజూ కుర్చీలో చూస్తాను. పన్ను ఆమెది, "తీసేయండి సార్" అని భర్త చెబుతాడు. ఆమె నోరు తెరిచి పడుకుని ఉంటుంది, మాట్లాడే వీలు కూడా ఉండదు. అందుకే నేను కుర్చీ లేపి కూర్చోబెట్టి ఆమెనే అడుగుతాను.

ఆశా_అక్క_దర్శి

నేను ఆశా కార్యకర్తను. కోవూరు చెల్లెలు చెప్పింది మా పల్లెల్లో ఇంటింటా ఉంది. ఇంకో నాలుగు మాటలు.

పసిపిల్లల సంగతి. పొద్దున నాలుగు గంటలకే తల్లి మిరపకాయల కోతకో పొగాకు పనికో ఆటో ఎక్కుతుంది. బిడ్డను ఆరేళ్ళ అక్కకు అప్పజెబుతారు. ఏడవకుండా ఉండటానికి చక్కెర కలిపిన పాల సీసా నోట్లో పెట్టి పడుకోబెడతారు. రెండేళ్ళు తిరక్కముందే పై ముందుపళ్ళు నాలుగూ నల్లబడి అరిగిపోతాయి. "పాలపళ్ళే కదక్కా, ఊడిపోయేవే" అంటారు. ఆ తల్లిని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. కూలి మానుకుంటే ఆ పూట గడవదు. అందుకే తిట్టను, సీసాలో నీళ్ళు పెట్టమని, పాలు గ్లాసుతో తాగించి పడుకోబెట్టమని చెబుతాను. కొందరు వింటారు.

ముసలమ్మలు చాలామంది పళ్ళకు నశ్యం, అంటే పొగాకు పొడి, రుద్దుతారు. నొప్పికి మందని మొదలుపెడతారు, తర్వాత అది లేకపోతే పని సాగదు. ఆ అవ్వే మనవరాలికి వేలితో అదే రుద్దుతుంటే చూసి ఆపాను.

రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. ముందుపన్ను విరిగిన ఆడవాళ్ళు "పంపు దగ్గర జారి పడ్డాను" అని చెబుతారు. అందరికీ తెలుసు సాయంత్రం ఆయన తాగి వచ్చాడని. ఆ విరిగిన పన్నుతో ఆమె డ్వాక్రా సమావేశంలో మాట్లాడటం మానేస్తుంది. అంతకుముందు గ్రూపు లెక్కలన్నీ ఆమే చెప్పేది.

సింహపురి_పళ్ళడాక్టర్

ఆశా అక్కా, మీరు రాసినందుకు ధన్యవాదాలు. దెబ్బకు శాశ్వత పన్ను మొత్తం ఊడి పడితే, అది పిల్లలకైనా పెద్దలకైనా, వేరును ముట్టుకోకుండా తలభాగం పట్టుకుని తీసి, పాలలో వేసుకుని గంటలోపు డాక్టరు దగ్గరికి పోతే తిరిగి అతికే అవకాశం ఉంది. గుడ్డలో చుట్టి ఎండబెట్టకూడదు. పాలపన్ను అయితే తిరిగి పెట్టరు. ఆ పన్ను ఎలా విరిగిందన్నది మాత్రం డాక్టరుతో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పగలిగే వాతావరణం ఉండాలి. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు మీ దగ్గర ఎలాగూ ఉంటుంది.

"ఊడిపోయేవే కదా" అనే పాలపళ్ళ గురించి ఒక్కమాట. ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్తగా ఒక పెద్ద దంతం వస్తుంది. అది శాశ్వత దంతం, జీవితమంతా నమిలేది దానితోనే. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. పదేళ్ళకే నేను పీకాల్సి వచ్చేవాటిలో అదే ఎక్కువ.

మాగుంట_లేఅవుట్_అమ్మ

పేదరికం ఒక్కటే కాదు. మేం ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, డబ్బుకు లోటు లేదు. బాబును పనమ్మాయి చూసుకుంటుంది, రాత్రి మేం వచ్చేసరికి ఫోన్ చూస్తూ బిస్కెట్ నోట్లో పెట్టుకుని నిద్రపోయి ఉంటాడు. లేపి తోమించే ఓపిక ఉండదు. నాలుగేళ్ళకే ఐదు పళ్ళకు ఫిల్లింగ్. తేడా ఏంటంటే మేం ఫిల్లింగ్ చేయించగలిగాం.

పబ్లిక్_హెల్త్_ఉదయగిరి

నేను ప్రజారోగ్యం చదువుతున్నాను, మాది ఉదయగిరి. మీ అందరి మాటలూ వింటుంటే మా క్లాసులో చదువుకున్నది కళ్ళముందు కనిపిస్తోంది.

నోటి ఆరోగ్యాన్ని పుచ్చుపళ్ళ లెక్కతో మాత్రమే కొలిస్తే సరిపోదని గత ముప్పై నలభై ఏళ్ళుగా పరిశోధకులు చెబుతున్నారు. అందుకోసం 1997లో పద్నాలుగు ప్రశ్నల పట్టిక ఒకటి వచ్చింది, పేరు ఓహెచ్ఐపీ-14. అందులో పళ్ళు ఎన్ని పుచ్చాయని అడగరు. నోటి వల్ల మాట పలకడం కష్టమైందా, తినడం ఇబ్బందైందా, భోజనం మధ్యలో ఆపాల్సి వచ్చిందా, టెన్షన్ పడ్డారా, సిగ్గుపడ్డారా, ఇంట్లోవాళ్ళ మీద చిరాకు పడ్డారా, రోజువారీ పని చేసుకోలేకపోయారా, ఇలాంటివి అడుగుతారు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు వేరే పట్టిక ఉంది, అందులో తోటిపిల్లలు ఏడిపించారా, క్లాసులో పైకి చదవడానికి ఇష్టపడలేదా అని కూడా ఉంటుంది. టీచర్ గారు మొదటి పోస్టులో రాసింది అచ్చంగా అదే.

ఆ పట్టికలతో వేర్వేరు దేశాల్లో చూసినప్పుడు పదేపదే తేలినది ఏమిటంటే, పుచ్చు ఒకేలా ఉన్న ఇద్దరు పిల్లల్లో కూడా ఇంటి పరిస్థితిని బట్టి బాధ వేరుగా ఉంటుంది. తల్లి చదువు, ఇంటి ఆదాయం, ఒక గదిలో ఎంతమంది ఉంటారు, అమ్మానాన్నల్లో ఇద్దరూ దగ్గరున్నారా అనేవి ఆ తేడాను తెస్తాయి. మోపాడు అన్నకు ఊళ్ళో సిగ్గు లేదు, ఒంగోలు వెళ్ళాక వచ్చింది. పళ్ళు మారలేదు, చుట్టూ ఉన్న మనుషులు మారారు.

కోవూరు అక్క చెప్పినదాని గురించి రాసిన పరిశోధన మాత్రం నేను చాలా తక్కువ చూశాను. ఇంట్లో ఎవరి పంటికి ఎంత ఖర్చు పెడతారు అన్నది ఎవరైనా మన జిల్లాల్లోనే కూర్చుని అడగాల్సిన ప్రశ్న.

చీమకుర్తి_రాయి

నేను గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడిని. చెప్పడానికి వచ్చింది గుట్కా గురించి.

బయటివాళ్ళు వ్యసనం అంటారు. పన్నెండు గంటల డ్యూటీ, ఎండ, దుమ్ము. మధ్యాహ్నం రెండు దాకా అన్నం ఉండదు. వక్కపొడి ప్యాకెట్ వేసుకుంటే ఆకలి తెలీదు, నిద్ర రాదు. నిషేధం ఉన్నా దొరుకుతుంది. పక్కవాడు వేసుకుంటుంటే మనం వేసుకోకపోతే వాడితో కూర్చోవడానికే ఉండదు. నేను మానేశాను కానీ మా బావమరిది మానలేదు. ఇప్పుడు వాడికి నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోదు. కారం తగిలితే మంట. ఇంట్లో అందరికీ పప్పు, కూర అయితే వాడికి మజ్జిగన్నం ఒక్కటే. చెల్లెలు ఏడుస్తుంది. వైద్యం ఉందా?

సింహపురి_పళ్ళడాక్టర్

వెంటనే చూపించండి, ఈ వారంలోనే. వక్క నమలడం వల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు మూసుకుపోయే జబ్బు అది. వక్కపొడి పూర్తిగా ఆపడమే అన్నిటికంటే ముందు మందు. ఆపితే ముదరడం తగ్గే అవకాశం ఉంటుంది, నోటి వ్యాయామాలు, మందులు, ఇంజెక్షన్లతో కొంత మెరుగవుతుంది. మామూలుగా అయిపోతుందని నేను మాట ఇవ్వలేను. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది కాబట్టి తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు ఉంటే అసలు ఆలస్యం చేయకండి. ఒంగోలు ప్రభుత్వ ఆస్పత్రిలో పంటి విభాగం ఉంది, నెల్లూరులో డెంటల్ కాలేజీ ఉంది. పొగాకు లేని ఉట్టి వక్కపొడి అయితే ప్రమాదం లేదనుకుంటారు చాలామంది, అదీ ప్రమాదమే.

టీచరమ్మ_పొదిలి

ఇన్ని విషయాలు వస్తాయని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. మా హెడ్‌మాస్టరుతో మాట్లాడాను. ప్రభుత్వ బడుల పిల్లలకు పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చినప్పుడు ఎత్తు, బరువుతో ఆపకుండా నోరు కూడా చూడమని అడగబోతున్నాం. పుచ్చుపళ్ళు వాళ్ళు చూడాల్సిన జాబితాలోనే ఉన్నాయి కాబట్టి కాదనలేరు. మధ్యాహ్న భోజనం తర్వాత ఐదు నిమిషాలు పళ్ళు తోమించే ఆలోచన కూడా ఉంది.

డాక్టర్ గారూ, రెండు సందేహాలు. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళో ఫ్లోరైడ్ పేస్టు వాడించవచ్చా? ఇంకోటి, క్యాన్ నీళ్ళు కొనుక్కునే ఇళ్ళలో పిల్లలకు కూడా మచ్చలు ఎందుకు కనిపిస్తున్నాయి?

సింహపురి_పళ్ళడాక్టర్

హైస్కూలు పిల్లలు వాడవచ్చు. వాళ్ళు ఉమ్మేయగలరు, పైగా ముందుపళ్ళు ఎప్పుడో తయారైపోయాయి. పుచ్చు నుంచి కాపాడేది ఆ పేస్టే. ఆరేళ్ళ లోపు వాళ్ళకు బఠాణీ గింజంత, మూడేళ్ళ లోపు వాళ్ళకు బియ్యపు గింజంత పెట్టి, పక్కనే ఎవరైనా ఉండి మింగకుండా చూడాలి. మీ వైపు ఊళ్ళలో ఆ పసిపిల్లలకు డాక్టరును అడిగే మొదలుపెట్టండి. తోమాక గుక్కలు గుక్కలుగా నీళ్ళు పోసి పుక్కిలించకుండా ఉమ్మేస్తే చాలు.

క్యాన్ నీళ్ళ సంగతి మంచి ప్రశ్న. ఇరవై లీటర్ల క్యాన్ తాగడానికి మాత్రమే వాడతారు. అన్నం, పప్పు, సంగటి, టీ అన్నీ బోరు నీళ్ళతోనే. ఆ నీళ్ళు తిండిలో ఇంకిపోతాయి. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. గుడ్డ వడపోత, క్యాండిల్ ఫిల్టర్ పనికిరావు. ఆర్వో నీళ్ళు వంటకు కూడా వాడాలి, కానీ నెలకు అన్ని క్యాన్లు కొనగలిగే ఇళ్ళు ఎన్ని? అందుకే పసిపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు ఉన్న ఇళ్ళకైనా ముందు మంచినీళ్ళ పథకం నీళ్ళు చేరాలి. పాలు, ఆకుకూరలు, ఉసిరికాయ బాగా తినే పిల్లల్లో ఫ్లోరైడ్ దెబ్బ కొంత తక్కువ. అది కూడా చివరికి ఇంటి పళ్ళెం దగ్గరికే వస్తుంది.

మచ్చలున్న పెద్ద పిల్లలకు భయపడాల్సిన పని లేదని చెప్పండి. మచ్చ లోతును బట్టి పైపొర పాలిష్ చేయడం, పంటి రంగు ఫిల్లింగ్ వేయడం లాంటివి ఉన్నాయి. వెంటనే ఖరీదైన వెనీర్లకు, అంటే పంటి మీద అతికించే పలుచటి పొరలకు, పోనక్కర్లేదు.

హాస్టల్_వార్డెన్_మార్కాపురం

సంక్షేమ హాస్టల్లో పనిచేస్తాను. కాస్మెటిక్ చార్జీలు వచ్చిన నెల పిల్లల దగ్గర పేస్టు ఉంటుంది, ఆలస్యమైన నెల పళ్ళపొడి ఒకరిది పదిమంది వాడతారు. బ్రష్షు కూడా ఒక్కోసారి అన్నదమ్ములు ఇద్దరూ ఒకటే. వంద మందికి పైగా పిల్లలు, పొద్దున ఆరున్నరకు కుళాయిల దగ్గర తోపులాట. రెండు నిమిషాలు తోముకోమని చెబితే వెనకవాడు నెడతాడు. నేను చేసిన మార్పు ఒక్కటే. రాత్రి భోజనం అయ్యాక గదుల వారీగా తోమిస్తున్నాను. ఆ టైంలో తొందర ఉండదు. పెద్ద పిల్లలకు చిన్నపిల్లల బాధ్యత ఇచ్చాను, బాగా చూసుకుంటున్నారు.

పబ్లిక్_హెల్త్_ఉదయగిరి

సార్, రాత్రి తోమడమే పొద్దున తోమడం కన్నా ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. మీరు చేసింది మిగతా హాస్టళ్ళలోనూ చెప్పండి.

ఒంగోలు_పెద్దాయన

రెండు రోజులుగా ఇదంతా చదువుతున్నాను. నేను రెండు పళ్ళే ఊడాయని రాశాను కదా, అది డెబ్బయి ఏళ్ళప్పటి మాట. ఇప్పుడు నాకు డెబ్బయి ఎనిమిది. మా ఇంటావిడ పోయి ఐదేళ్ళు. పిల్లలు బయట దేశాల్లో ఉన్నారు. ఒక్కడికే వండుకోవడం ఎందుకని పొద్దున రెండు ఇడ్లీలు తెప్పించుకుంటాను, రాత్రికి పాలూ బ్రెడ్డూ. షుగర్ కూడా ఉంది. ఈ ఎనిమిదేళ్ళలో పళ్ళు ఒకటొకటే కదిలి ఊడిపోయాయి. కింద ఆరు మిగిలాయి, అవీ కదులుతున్నాయి. పెళ్ళిళ్ళకు పిలుస్తారు, వెళ్ళి అక్షింతలు వేసి భోజనాల ముందే వచ్చేస్తాను. పంక్తిలో కూర్చుని గారె నమల్లేక తిప్పలు పడటం నలుగురూ చూడటం నాకు ఇష్టం లేదు. పిల్లలు ఫోన్ చేసినప్పుడు వీడియో కాకుండా మామూలుగా మాట్లాడమంటాను. ఈ వయసులో కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే ప్రయోజనం ఉంటుందా డాక్టర్ గారూ?

సింహపురి_పళ్ళడాక్టర్

తప్పకుండా ఉంటుందండీ. డెబ్బయి ఎనిమిది ఏమంత వయసు కాదు. ముందు షుగర్ అదుపులోకి రావాలి. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళలో చీము ఉంటే షుగర్ తగ్గదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. మిగిలిన ఆరు పళ్ళలో నిలిచేవి ఏవో చూసి, లేనివి తీసి, చిగురు మానాక కట్టుడు పళ్ళు కడతారు. మొదటి నెల ఇబ్బందిగా ఉంటుంది, మాట కూడా తడబడుతుంది. గంజి, ఉప్మా, మెత్తటి అన్నంతో మొదలుపెట్టాలి. డెంటల్ కాలేజీలో చేయించుకుంటే ఖర్చు ప్రైవేటు కంటే చాలా తక్కువ, కాకపోతే ఎక్కువసార్లు తిరగాలి.

ఒంగోలు_పెద్దాయన

తిరగడమే కష్టం బాబూ. ఒక్కణ్ణే బస్సెక్కి నెల్లూరు రాలేను.

చీమకుర్తి_రాయి

పెద్దాయనా, నేను మా బావమరిదిని మంగళవారం నెల్లూరు తీసుకుపోతున్నాను, కారు మాట్లాడాను. ఒంగోలు మీదుగానే కదా పోవాలి. మీ ఇల్లు ఎక్కడో నాకు విడిగా మెసేజ్ పెట్టండి, పొద్దున ఆరుకల్లా వస్తాం.

సింహపురి_పళ్ళడాక్టర్

మంచిది. పెద్దాయన గారూ, ఖాళీ కడుపుతో రావద్దు. రోజూ వేసుకునే షుగర్ మాత్ర వేసుకుని, టిఫిన్ తినే బయలుదేరండి. పాత రిపోర్టులు, వాడే మందుల చీటీ వెంట తెచ్చుకోండి. రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, ఓపీలో ముందే ఆ సంగతి చెప్పండి. బావమరిది గారికి కూడా మాట, ఆ రోజు దారిలో కూడా వక్కపొడి వేసుకోకూడదు.